పదో రొట్టె ముక్క

ఏటా మా యూదుల పస్కా పండుగకు ముందు సాయంత్రం నేను మా ఇంట్లో పది రొట్టె ముక్కలు దాస్తాను. నా భర్త నిస్సీమ్ కొవ్వొత్తి వెలిగించుకుని వాటిని వెతుకుతాడు. పండుగ ఏడు రోజులూ ఇంట్లో పులిసిన పిండి రవ్వంత కూడా ఉండకూడదు కాబట్టి, మూడు వారాల ముందునుంచే నేను సోఫా కుట్లలోంచి, ఫ్రిజ్ రబ్బరు మడతల్లోంచి, పిల్ల బట్టల జేబుల్లోంచి తునకలన్నీ గోటితో గీకి తీసి ఉంటాను. అలా గీకిన ఇంట్లో మగవాడికి ఏమీ దొరక్కపోతే అతను చదివిన ఆశీర్వచనం వృథా అవుతుందట. అందుకని కడిగిన చేత్తోనే మళ్ళీ నేనే దాచాలి. అతను ఒక్కో ముక్కా ఈకతో ఊడ్చి చెక్క గరిటెలోకి ఎత్తుతుంటే మా అత్త మస్సొదా వెనకే తిరుగుతూ, "చూశావా బెంతీ, నా కొడుకు కంటికి ఏదీ తప్పించుకోదు," అంటుంది. బెంతీ అంటే వాళ్ళ మొరాకో మాటలో బిడ్డా అని. ఏదైనా పని చెప్పబోయేటప్పుడో, తప్పు పట్టబోయేటప్పుడో ఆమెకు నేను బిడ్డనవుతాను.

ఈసారి తొమ్మిదే దొరికాయి.

ఇల్లు ఎలా తిరగబడిందో చెప్పాలి. నిస్సీమ్ ఒక్కడే ఫ్రిజ్ పక్కకు జరిపాడు. నడుం నొప్పని గ్యాసు సిలిండర్ ముట్టుకోని మనిషి! పరుపు ఎత్తి గోడకు ఆనించాడు. ఎక్కడ పెట్టావో రాసుకోవాలని కూడా తెలియదా అని పదిసార్లు అడిగాడు. అత్త మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద చెయ్యి పెట్టి తడిమింది. ముప్పావుగంట అయ్యాక తెలిసింది, పదో ముక్క మా కూతురు యిస్కా గుప్పెట్లో ఉందని. యిస్కాకి తొమ్మిదేళ్ళు. మాట రాదు. దొరికిన వస్తువు గుప్పెట్లో పెట్టుకుందంటే మెత్తగా అయ్యేదాకా వదలదు. నేను పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పాను. నిస్సీమ్ గరిటె చాపాడు.

ఆ సందడి సద్దుమణిగాక, పిల్లకి పడుకునే ముందు వేసే చుక్కల కోసం వంటగది పై అర తెరిచాను. సీసా లేదు.

అది గంజాయి నూనె. ఆ మాట మా ఇంట్లో గట్టిగా అనకూడదు, మందు అనాలి. లైసెన్సు కోసం ఎనిమిది నెలలు తిరిగాను. ఇద్దరు డాక్టర్లు, ఒక కమిటీ, ఇంత మందాన కాగితాలు. నేను వేలు పెట్టి చూపించిన చోట నిస్సీమ్ సంతకాలు చేశాడు. చేస్తూనే, "పిల్లని గంజాయి పిల్లని చేస్తున్నావు," అన్నాడు. అద్భుతాలేమీ జరగలేదు. యిస్కా మాట్లాడలేదు, నన్ను అమ్మా అని పిలవలేదు. కాని రోజుకు మూడుసార్లు నాలుక కింద మూడేసి చుక్కలు వేస్తుంటే, రెండో నెలకల్లా మణికట్టు కొరుక్కోవడం తగ్గింది. ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోతోంది. దానితోపాటు నేనూ. ఐదు గంటల నిద్ర విలువ నిద్రపోయేవాళ్ళకి తెలియదు.

సీసా ఏదని అడిగితే నిస్సీమ్ సోఫాలోంచి తల తిప్పలేదు. నీ కడగడం పిచ్చిలో ఎక్కడో పారేసి ఉంటావు అన్నాడు. అత్త నవ్వింది. ఈ కోడలి శుభ్రానికి నా కట్టుడు పళ్ళు కూడా ఎప్పుడో పోతాయి అంది. ఆ నూనె ఉంటే ఎంత, పోతే ఎంత, మా కాలంలో ఇలాంటి పిల్లలకి పాలల్లో సోంపు వేసి పట్టేవాళ్ళం అని కూడా అంది. పొద్దున్నే మందుల దుకాణానికి ఫోన్ చేశాను. ఈ నెలకి ఇవ్వాల్సింది ఇచ్చేశాం, పోగొట్టుకుంటే మేమేం చెయ్యం, పండుగ వెళ్ళాక రండి అన్నారు.

అదే పొద్దున నిస్సీమ్ అల్మారాకి టేపు వేశాడు. ఇంట్లో మిగిలిన గోధుమ రవ్వ, మాకరోనీ, బిస్కెట్లు అన్నీ ఒక అల్మారాలో పెట్టి, మా మతగురువు రబ్బీ ద్వారా యూదుడు కాని ఒక మనిషికి పండుగ అయ్యేదాకా అమ్మేస్తాం. అన్నాళ్ళూ ఆ అల్మారా మాది కాదు, ముట్టుకోకూడదు. సామాను సర్దేది నేను, టేపు వేసేది అతను. ఈసారి రెండు వరసలు వేశాడు. భక్తి పెరిగిందనుకున్నాను.

మందు ఆగిన మూడో రోజున యిస్కా మళ్ళీ మణికట్టు కొరకడం అందుకుంది. అత్త తువ్వాలు చుట్టి కట్టింది. నాలుగో రోజుకి తువ్వాలు తడిసి ఎర్రబడింది. నేను ముందు నన్నే అనుమానించుకున్నాను. ఆడదాన్ని కదా, అలవాటు. చెత్తసంచీలు విప్పి చేతులు పెట్టి వెతికాను. తర్వాత అత్తను అనుమానించాను. ఆమె వంటగదిలో అడుగు పెడితే చాలు, చేతులు చూసేదాన్ని. నిస్సీమ్ ఈమధ్య బాగా నిద్రపోతున్నాడు కదా, నడుం నొప్పికని ఇతనే తాగేస్తున్నాడేమో అనుకున్నాను. అతని నోటి వాసన చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో భర్త నోటికి అంత దగ్గరగా వెళ్ళింది ఇందుకా అని నవ్వొచ్చింది. నేను చూసినంతసేపు అతనూ నన్ను చూశాడు. "నువ్వు దానికి వేస్తున్నది ఆ దుకాణం నుంచి తెచ్చిందేనా, లేక నీ పనిచోటు నుంచి ఎత్తుకొచ్చిందా?" అని అడిగాడు.

నా పనిచోటు మా ఊరి బయట, మందుల కోసం లైసెన్సుతో పెంచే గంజాయి తోట. తోట అంటే తోట కాదు, ముళ్ళకంచె, కెమెరాలు, గాజు గదులు. ఆకులు కత్తిరించేది ఆడవాళ్ళం, తాళాలు ఉండేది మగవాళ్ళ దగ్గర. నాకు తల్లి మొక్కల గదిలో పని. కొమ్మలు కోసి నాటడానికి ఇస్తాం. అన్నీ ఆడ మొక్కలే. రోజుకు పద్దెనిమిది గంటలు దీపాలు ఆర్పరు, ఎందుకంటే చీకటి ఎక్కువైతే పూతకొస్తాయి, పూతకొచ్చిన తల్లి కొమ్మలివ్వదు. అందుకని వాటిని పూయనివ్వరు, నిద్రపోనివ్వరు. కోసుకుని కోసుకుని, ఇక చిగురించనప్పుడు పీకి, తూకం వేసి కాల్చేస్తారు. మా మేస్త్రీ ఎల్కనా ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా, "ఎంత ఓపికో వీటికి," అని మెచ్చుకుంటాడు. నా వైపు చూసి కూడా అదే మాట అంటాడు. జీతం పెంచమని అడగబోయిన రోజున మరీ అంటాడు.

ఐదో రోజున నాలుగు వందల తల్లి మొక్కల మధ్య నిలబడి, ఒక్క ఆకు కూడా నాది కాదు కదా అనుకున్నాను. పని దిగేటప్పుడు రోజూలాగే గేటు దగ్గర సోదా. కాపలా పిల్ల షిరెల్ నా సంచీ బోర్లించింది, బూట్లు విప్పించింది, జుట్టు ముడిలో వేళ్ళు పెట్టింది. ఆరేళ్ళుగా రోజూ ఇంతే, ఆ పిల్ల వేళ్ళు నా తలలో ఉంటాయి. "ఏమనుకోకు అక్కా. పోయింది ఎక్కడుందో తెలియదు గనక అందరినీ వెతకాలి," అంది.

బూటు వేసుకుంటూ ఆగిపోయాను.

పోయిందెక్కడో తెలియనివాడు వెతుకుతాడు. రొట్టె ముక్క కోసం ఫ్రిజ్ జరిపినవాడు, పరుపు ఎత్తినవాడు, కన్నకూతురి మందు పోతే సోఫా దిండు కూడా ఎత్తలేదు. ఐదు రోజుల్లో ఒక్కసారి, మాటవరసకైనా, దొరికిందా అని అడగలేదు. నేను చెత్తలో చేతులు పెట్టినప్పుడు టీవీ చూశాడు. ఇంట్లో నేను వెతకని చోటు ఒక్కటే ఉంది. అది మాది కాని చోటు.

ఇంటికి వెళ్ళేసరికి అత్త బల్ల దగ్గర ఉడికిన గుడ్లు వలుస్తోంది. యిస్కా ఆమె కాళ్ళ దగ్గర ఊగుతోంది. నిస్సీమ్ సోఫాలో ఉన్నాడు. నేను సంచీ కూడా దింపకుండా అల్మారా టేపు లాగాను. రెండు వరసలూ. చిరిగిన చప్పుడుకి అత్త తలెత్తి, "బెంతీ, అది అమ్మేశాం, మనది కాదు," అంది.

గోధుమ రవ్వ సంచీ వెనక, అతని సైన్యం నాటి మేజోడులో చుట్టి ఉంది సీసా. మేజోడు కూడా నేను ఉతికినదే.

నిస్సీమ్ లేవలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు, అదే నన్ను ఎక్కువ గుచ్చింది. తప్పేముంది అన్నట్టు నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ అక్క అందట, ఒస్నాత్, అంటే నేను, పిల్లని మత్తులో పెట్టి హాయిగా పడుకుంటోందని. అది నిజంగా పని చేస్తోందా, లేక నీ భ్రమా అని వారం రోజులు చూద్దామనుకున్నాను అన్నాడు.

"చూశావా మరి?" అన్నాను.

"నేనెలా చూస్తాను? పిల్ల ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుందిగా."

అత్త చేతిలోని గుడ్డును సగం వలిచి ఆగిపోయింది. కొడుకు ముఖం చూసింది, తర్వాత పిల్ల తువ్వాలు చూసింది. ఆమెకు ముందే తెలుసో లేదో నేను అడగలేదు. ఆ ముఖం చూస్తే తెలిసినట్టు లేదు. కాని అనుమానం నాకు రక్తంలో కలిసిపోయింది, ముఖాలను నమ్మను.

యిస్కా నోరు తెరిపించి మూడు చుక్కలు వేశాను. అరిచే మాటలు చాలా వచ్చాయి నోటిదాకా. ఓపికంతా వెతకడానికే అయిపోయింది. సీసా సంచీలో పెట్టాను, లైసెన్సు కాగితాలు పెట్టాను, పిల్ల బట్టలు రెండు జతలు పెట్టాను. నిస్సీమ్ స్నానానికి వెళ్ళాడు. అత్త ఏమీ అడగకుండా నాలుగు గుడ్లు గుడ్డలో కట్టి నా సంచీలో పెట్టింది. గుమ్మం దగ్గర యిస్కా మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ముద్దు పెట్టుకుంది. గోడ మేకుకి ఉన్న కారు తాళం నేను తీసుకుంటుంటే చూసింది.

అరాద్‌లో ఉన్న మా చెల్లెలు ఇలానిత్ ఇంటి దారిలో, సగం దూరంలో ఫోన్ మోగింది. వెనక సీటులో యిస్కా కిటికీకి నుదురు ఆనించి ఎడారిని చూస్తోంది. కారు పక్కకు ఆపి ఎత్తాను.

"కారు తాళం ఎక్కడ పెట్టావు?" అన్నాడు నిస్సీమ్. వాకిలి తెరిచి కారు ఉందో లేదో కూడా చూడలేదని అర్థమైంది. "అరగంట నుంచి ఇల్లంతా తిరగేస్తున్నా. అమ్మని లేచి ఒక్క చెయ్యి వెయ్యమంటే వెయ్యదు, గుడ్లు వలుస్తూ కూర్చుంది."

"కొవ్వొత్తి పై అరలో ఉంది," అన్నాను. "వెతుక్కో."