వడ్డీ లేని వంటిల్లు

స్నానాలగదిలో పీట వేసుకుని, కుళాయి కింద గిన్నెలు తోముతోంది ఆమె. వంటింట్లో సింకూ లేదు, గట్టూ లేదు. పాత టైల్సు పలకలు పగలగొట్టిన మేస్త్రీ, కొత్తవి తెచ్చాక కబురు చెయ్యమని చక్కా పోయాడు. సబ్బు నురగలో ఎవరివో వెంట్రుకలు తేలుతుంటే వేలితో ఏరి పారేస్తోంది. "ఇదంతా నీ కోసమేగా, కాస్త ఓర్చుకో" అన్నాడు భర్త పొద్దున, పైగా నవ్వుతూ.

నీ కోసమే అని అతనన్నప్పుడల్లా ఆమెకి గుండెల్లో రాయి పడుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అడిగింది ఒక్కటే, పొగ లాగే ఫ్యాను. పొయ్యి దగ్గర దగ్గీ దగ్గీ గొంతు పోతోందంటే "కిటికీ తెరుచుకో" అని పేపర్లోంచి తలెత్తని మనిషి, ఉన్నట్టుండి వంటిల్లంతా మార్చేద్దామన్నాడు. ఆ రోజు టీ కూడా తనే పెట్టి తెచ్చాడు! కప్పు చూడగానే అనుకుంది, ఏదో ఉందని. చక్కెర కూడా సరిగ్గా పడిందంటే తప్పకుండా ఉండే ఉంటుంది.

"కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే ఏడాదిపాటు వడ్డీ ఉండదు. ఏడాదయ్యాక మిగిలింది ఇంకో కార్డు మీదికి మార్చేస్తే మళ్ళీ వడ్డీ లేదు. బ్యాంకు వాళ్ళనే ఎలా బోల్తా కొట్టిస్తానో చూడు."

"ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదే. నీది నెలజీతం, అడగ్గానే ఇస్తారు. నాది వ్యాపారం, సవాలక్ష ప్రశ్నలేస్తారు."

ఇల్లేమో అత్తగారి పేరు మీద, బాకీ ఏమో కోడలి పేరు మీదా? మాట నోటిదాకా వచ్చి ఆగింది. పైకి అంటే, నువ్వు ఉత్త డబ్బు మనిషివంటారు. ఆస్పత్రి కౌంటర్లో కూర్చుని, ఒకరి బిల్లు ఇంకొకరి నెత్తిన పడడం రోజూ చూసే ఆమెకి ఈ లెక్క తెలియక కాదు. అయినా సంతకం పెట్టింది. ఫ్యాను వస్తుందన్న ఆశతో పెట్టింది. అంత చిన్న ఆశకి లొంగిపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అత్తగారేమో ఎదురింటావిడతో, "మా కోడలికి సోకులెక్కువమ్మా, ఉన్న వంటిల్లు కంటికి ఆనలేదట" అని చెప్పుకుంటోంది.

ఫోను మోగింది. భర్త.

"కొట్లో ఉన్నా. నీకు నంబరొస్తుంది, చెప్పు."

ఇది అలవాటే. కార్డు అతని జేబులో ఉంటుంది, బ్యాంకు పంపే ఓటీపీ నంబరు ఆమె ఫోనుకి వస్తుంది. మెసేజంతా చదువుతూ కూర్చోకు, అంకెలు చెప్తే చాలని మొదట్లోనే నేర్పాడు. ఆమె కూడా చేతిలో పని వదల్లేక అలాగే చెప్పేసేది. ఈసారి చేతులు చీరకి తుడుచుకుని మొదటినుంచీ చదివింది. అందులో ఉన్నది పలకల కొట్టు పేరు కాదు. పెద్ద పెద్ద టీవీలు అమ్మే షోరూము పేరు.

"పలకలు కొనడం లేదా మీరు?"

"అవి మెల్లిగా చూద్దాంలే. ముందు హాలు బాగుండాలి కదా, వచ్చేపోయేవాళ్ళు చూసేది హాలే. అమ్మ కూడా అదే అంది. నీ వంటింట్లోకి ఎవడొచ్చి చూస్తాడు?"

"మరి ఫ్యాను?"

"అబ్బా, మళ్ళీ ఆ ఫ్యాను గోలేనా! తొందరగా చెప్పు, టైమైపోతోంది. ఇక్కడ పరువు తియ్యకు."

కోపం వచ్చింది. కానీ అంతకన్నా ముందు ప్రాణానికి హాయిగా అనిపించింది, ఇన్నాళ్ళ తన అనుమానం ఉత్త పిచ్చి కాదని. ఫోను స్పీకర్లో పెట్టినట్టున్నాడు, కొట్లో మనిషి గొంతు వినబడింది. "మేడం, ఆ నంబరొకటి చెప్తే బిల్లు వేసేస్తానండీ."

ఆమె లేచి నిలబడింది.

"బిల్లు వెయ్యకండి. ఆ కార్డు మీద ఉన్న పేరు నాది. ఆ పేరుగల మనిషి వద్దంటోంది."