చీమక్కను పట్టుకున్న కుర్చీ

పొద్దున్నే మొగుడు కాఫీ గ్లాసు అందిస్తే, గ్లాసు వదిలేసి అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది చీమక్క.

"బతికే ఉన్నానే తల్లీ, ముందు ఇది తాగు," అన్నాడతను.

పిల్లల వార్డులో నర్సు ఆమె. సూది గుచ్చితే చీమ కుట్టినట్టే ఉంటుందని వార్డంతా ఆ పేరు పెట్టింది. అది ఒకప్పటి మాట. సెలవన్నది లేకుండా ఇద్దరి పని ఒక్కతే నెట్టుకొస్తూ, ఈమధ్య నరం దొరక్క మళ్లీ మళ్లీ గుచ్చుతోంది. ఆమెను చూస్తేనే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. చేతిలో పనితనం పోయిందని ఆమెకు దిగులు పట్టుకుంది. వార్డు నుంచి తప్పించి చీటీలు రాసే కౌంటర్‌లో వేయమని పెద్ద నర్సును ఇవాళ అడిగేద్దామనుకుంది. డ్యూటీకి రాగానే, మాట్లాడాలని ఆమెకు చెప్పి ఉంచింది కూడా.

మందుల గది పక్కన ఓ చెక్క కుర్చీ ఉంది. అలసిపోయినవాళ్లు కూర్చుంటే, అలసట తీరేదాకా లేవనివ్వదు. ఒకసారి ఆపరేషన్ల డాక్టరును సాయంత్రం దాకా వదల్లేదు. కుర్చీని పట్టుకుని వేలాడే మనుషులు బోలెడుమంది గానీ, మనుషుల్ని పట్టుకునే కుర్చీ ఇదొక్కటే. చీమక్క దాని జోలికే పోయేది కాదు. తను కూర్చుంటే తన పని ఎవరి నెత్తిన పడుతుందోనని భయం.

ఆరోజు ఓ పసిపాపకు మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. తల్లి బిడ్డను హత్తుకుని అటు తిరిగింది. బయటికొచ్చిన చీమక్క కళ్లు తిరిగి, ఏ కుర్చీయో చూసుకోకుండా కూలబడింది.

"అయ్యో, చీమక్కను కుర్చీ పట్టేసుకుంది!" అంది ఆయమ్మ.

"పట్టుకోనీ. ఎన్నాళ్లనుంచో దాని కళ్లన్నీ ఈమె మీదే," అంది పెద్ద నర్సు, ట్రే అందుకుంటూ.

"లేవలేకపోతున్నా సిస్టర్. పాపకి మందు..."

"దానికింకా టైముంది. నువ్వు కళ్లు మూసుకో."

మూసుకుంది. పనులన్నీ ఆమె చుట్టూ తిరిగి జరిగిపోయాయి. నేల తుడిచేవాళ్లు ఆమె కాళ్లెత్తి పట్టుకుని తుడిచారు. ఆయమ్మ దుప్పటి కప్పింది. ఎవరి నెత్తినా ఆకాశం విరిగిపడలేదు.

కుర్చీ వదిలేసరికి ఎండ పక్క కిటికీకి జరిగింది. మందు వేళ ఇంకా దాటలేదు. చీమక్క మొహం కడుక్కుని వెళ్లి పాప చేయి పట్టుకుంది. నరం తనంతట తనే వేలికి తగిలింది. పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. ఒక్కసారికే సూది దిగింది. పాప ఏడవలేదు, చీమక్క మెళ్లోని కార్డు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే ఉంది. చీమక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పొద్దున ఏదో మాట్లాడాలన్నావు?" అంది పెద్ద నర్సు.

"రోజూ మధ్యాహ్నం కాసేపు కూర్చోనివ్వండి సిస్టర్. చాలు."

పెద్ద నర్సు తన వాచిన పాదాలకేసి చూసుకుంది.

"అలాగే. ప్రస్తుతానికి వార్డు నువ్వు చూసుకో," అని మందుల గది తాళాలు చీమక్క చేతిలో పెట్టి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.