సిద్దయ్యకు నీళ్లు

ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం పరీక్షలు నడుస్తున్నంతసేపూ గంగాదేవి వేరుశనగ కాయలు ఒలుస్తూనే ఉంది. బెంగళూరు కంపెనీకి జమ్మలమడుగు ఇంటినుంచే పనిచేస్తుంది. ప్రోగ్రాంలో మార్పులన్నీ దాచే గిట్‌లో ప్రతి మార్పు పక్కనా ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఉంటుంది. తప్పును వెనక్కి తిప్పినా ఆ తప్పు చెరిగిపోదు. తిప్పినట్టు ఇంకో వరుస చేరుతుంది, అంతే. ఆమెకు నచ్చింది అదే.

వాకిట్లో జీపు ఆగింది. ప్రొద్దుటూరు పెద్దమనిషి ఓబులయ్య వెనకాలే సిద్దయ్య లోపలికి వచ్చాడు. ఆమె పలక పట్టే వయసులో, వేముల దారిలో నాన్న మీద బాంబులు వేయించి చంపించింది ఈ సిద్దయ్యే. సాక్షులు మాట మార్చారు. కేసు పోయింది. ఇప్పుడు నాన్న వర్గం, సిద్దయ్య వర్గం ఒకే పార్టీలో ఉన్నాయి. చచ్చినవాడి ఇంట్లో నీళ్లు తాగితేనే రాజీ అయినట్టు. రాజీ కాకుంటే సిద్దయ్యకు ఎన్నికల టికెట్ లేదని పులివెందులలో పార్టీ పెద్దలు తేల్చేశారు.

"నాగులమ్మా, ఇంకా ఎన్నాళ్లు మోస్తావు? నీళ్లియ్యి," అన్నాడు ఓబులయ్య.

అమ్మ కదల్లేదు. "పాప ఇస్తాదిలే."

సిద్దయ్య మొహం వెలిగింది. "కంప్యూటర్ చదివిన పిల్ల. ఈ పాత గొడవలు యాడ గుర్తుంటాయి?"

గంగాదేవి చేతులు దులుపుకుని చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"మా పనిలో ఇద్దరు రాసింది కలపొచ్చు మామా. ఒకే చోట ఇద్దరూ వేరేగా రాసింటే మాత్రం మిషన్ ఆగిపోతాది. ఏది ఉంచాల్నో మనిషే తేల్చాల. మా నాయన సొంత బాంబే పేలి చచ్చినాడని మీరు చెప్పించినారు. నువ్వు ఏయించినావని మేమంటాం. ఏది ఉంచాల?"

"ఏంది పాపా, ఇంటికొచ్చినోనితో..." ఓబులయ్య నవ్వబోయాడు.

"నువ్వుండప్పా. ఆయప్ప చెప్పాల. మా నాయన పేరు పెట్టి, నేనే ఏయించినా అని ఈడనే అను మామా. తాగి పో."

గుమ్మం దగ్గర జీపులో వచ్చిన మనుషులు చెవులు రిక్కించారు. సిద్దయ్య వాళ్లను చూశాడు, చెంబును చూశాడు. ఆ మాట అంటే కేసు మళ్లీ లేస్తుంది. అనకుంటే టికెట్ పోతుంది. అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం గంగాదేవి తీరిగ్గా చూసింది. ఇన్నేళ్లూ ఆమె ఎదురుచూసింది దీనికోసమే.

"మామకు దప్పిక లేదేమోలేమ్మా," అంటూ నీళ్లు తీసుకెళ్లి గేదె కుడితిలో పోసింది. మళ్లీ చేట ముందు కూర్చుంది.

సిద్దయ్య చెప్పులేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.