ఆముదం చెంబు

కోవిల్‌పట్టి పత్తి మరలో పని మొదలవగానే తలుపుకు బయటి నుంచి తాళం పడేది. ఆడవాళ్లు కొంగున దూది దాచుకుపోతారని యజమాని అనుమానం. దాచుకుంటారు, వాడి మొహం! లోపల ఊపిరి నిండా దూది నుసే, మళ్లీ కొంగులోకి కూడానా?

పంచవర్ణం ఆ తాళం గదిలో పత్తి నుంచి గింజ తీసేది. ఆమె మొగుడు చెల్లసామి పక్కనే ఇంజను గదిలో ఉండి, నేల పలకల కింద తిరిగే ఇరుసులకు నూనె పోసేవాడు. మర పెట్టిన నాటి నుంచీ ఆముదమే. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో విరుదునగర్ నుంచి ఒక ఏజెంటు కొత్త నూనె డబ్బా తెచ్చి, వాడి చూడమని ఇచ్చాడు. గింజ పిండింది కాదట, భూమిలోంచి తోడింది కాదట, దూరదేశంలో గ్యాసును పట్టి ఫ్యాక్టరీలో చేసిన నూనెట. వేరే నూనె చుక్క కూడా కలపొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

చెల్లసామికి నమ్మకం కుదిరితేగా! వేళ్ల మధ్య రాసి చూసి పెదవి విరిచాడు.

"నీళ్ల మాదిరి ఉండాది. ఇరుసు అరిగిపోతే నా పనే పోతాది. మన ఆముదం కొంచెం తేమే, ఎవురికీ చెప్పొద్దు."

ఇంట్లో కాచిన ఆముదం చెంబుతో తెచ్చి ఇచ్చింది పంచవర్ణం. అతడి పని పోతే మళ్లీ నల్లరేగడి చేనూ, రాని వానా. అది తలుచుకుంటేనే ఆమెకు భయం.

ఒక మధ్యాహ్నం ఆమె అరికాళ్లు చురుక్కుమన్నాయి. పలకల సందుల్లోంచి ఆముదం మాడిన వాసన. రెండు నూనెలూ కలవక జిగురైపోయి ఇరుసు కాగిపోతోంది. చుట్టూ దూది. తలుపుకు తాళం. చెబితే మొగుడి పని పోతుంది. చెప్పకపోతే అందరూ మసైపోతారు. పక్కన పూంగొడి, నిండు చూలాలు, ఏమీ తెలియక కూనిరాగం తీస్తోంది.

పంచవర్ణం కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "తలుపు తియ్యండి! కింద ఇరుసు మండతా ఉండాది!"

కావలివాడు నవ్వాడు. "ఇంకా విజిలు కాలే. ఏమిటికి తొందర?"

"నీ ఇల్లు కూలా! కొత్త నూనెలో ఆముదం కలిసిందిరా! మేస్త్రీని పిలువు!"

ఆ మాట విని మేస్త్రీ తంగసామి పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపించాడు. తాళం తీయగానే ఆడవాళ్లు దగ్గుతూ బయటపడ్డారు. పలకలు ఎత్తి ఇసుక చల్లారు. అప్పుడడిగాడు మేస్త్రీ, "ఎవురు కలిపింది?"

చెల్లసామి నేల చూపులు చూశాడు. "నాకేం తెలుసయ్యా? చెంబు దానిది. పలకల సందులోంచి అదే పోసుంటాది."

పంచవర్ణం కాదనాలనుకుంది. కాదంటే ఇద్దరి పనీ పోతుంది. చెంబు చేతిలోకి తీసుకుంది. ఆమెను పనిలోంచి తీసేసి, ఇరుసు చల్లారాక మిగతావాళ్లను లోపలికి తోలి మళ్లీ తాళం వేశారు.

పొద్దుగూకి చెల్లసామి ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. "ఏం చేసేదిమే? ఇద్దురమూ పోతే తినేదేమి?"

నిజమే. ఆ నిజానికే ఆమెకు ఒళ్లు మండిపోయింది. చెంపలు వాయించాలనిపించింది.

"తల పేలిపోతా ఉండాది. కొంచెం ఆముదం రాయిమే," అన్నాడు.

వాకిలి బార్లా తెరిచే ఉంది. ఎక్కడికని పోతుంది? చెంబు అడుగున మిగిలింది వేలితో తీసి, అతడి తలకు రాసింది.