ఇసుక కుప్ప దాకా షికారు

సెలూన్‌కి సెలవు రోజున కత్తెర మామ అక్క ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకముందే ప్రకటన చేశాడు.

"నువ్వెళ్లి పడుకో అక్కా. పిల్లలిద్దర్నీ చెరువుగట్టు దాకా తిప్పుకొస్తా. బాతుల్ని చూపిస్తా, ఉయ్యాలెక్కిస్తా. వచ్చేసరికి ఇద్దరూ నా భుజం మీద నిద్రపోతుంటారు చూడు."

కత్తెర మామ అన్న పేరు నాలుగేళ్ల మేనకోడలు పెట్టింది. ఆ పిల్లకి ఇంటిల్లిపాదీ పెట్టిన పేరు పిడుగు. మంగలి పనిలో ఏడ్చే పిల్లల్ని ఎంతమందినో కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు కత్తిరించాడు కాబట్టి, తన మాట వినని పిల్లలు ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. వాడి కత్తెర కన్నా నోరే ఎక్కువ కోతలు కోస్తుందని బస్సు నడిపే బావ అంటుండేవాడు. ఆ రోజు బావకి డ్యూటీ ఉంది. లేకపోతే ఆ మాట ఇంకోసారి అనేవాడే.

అక్క వెంటనే ఒప్పుకోలేదు. చిన్నవాడు బుడ్డోడు నెలలు నిండకుండా, నెల ముందే పుట్టాడు. మొదటి రోజులన్నీ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే గడిపాడు. ఇప్పుడు ఎనిమిదో నెల, బుగ్గలు పట్టుకుంటే చేతికి నిండుగా వస్తున్నాయి. పిల్లాడు శుభ్రంగా ఉన్నాడమ్మా అని డాక్టర్ ఎప్పుడో చెప్పేసింది. ఆ ఒక్క మాటే అక్క చెవికి ఎక్కలేదు. ఎండంటే భయం, గాలంటే భయం, దుమ్మంటే మరీను. బుడ్డోడికి బయటి లోకమంటే ఆసుపత్రికి వెళ్లే దారి ఒక్కటే, అదీ దుప్పటి సందులోంచి.

కత్తెర మామకి ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే, వాణ్ణి ఎలాగైనా బయటికి తీసుకెళ్లాలని బాతుల మాట ఎత్తాడు.

చివరికి అక్క సంచి సర్దింది. టోపీ, ఆ టోపీ పడిపోతే ఇంకో టోపీ, గొడుగు, కింద పరవడానికి దుప్పటి, దాని మీద పరవడానికి ఇంకో దుప్పటి, వేడినీళ్ల ఫ్లాస్కు.

"ఇది షికారా, ఇల్లు ఖాళీ చేస్తున్నామా?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కువ మాట్లాడితే నేనూ వస్తా," అంది అక్క. అతను గబగబా సంచి భుజాన వేసుకున్నాడు.

మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. పిడుగు రెండు కాళ్లతో దూకితేగాని ఏ మెట్టూ దిగినట్టు లెక్క కాదట. వీధిలోకి రాగానే ఆగి ఉన్న కారు కింద ఒక పిల్లి కనిపించింది.

"నిద్రపోతోంది మామా. లేచేదాకా ఆగుదాం."

"అది సాయంత్రం దాకా లేవదే తల్లీ."

"సరే, సాయంత్రం దాకా ఆగుదాం."

బతిమాలి, బుజ్జగించి అక్కణ్ణించి కదిలించాడు. ఇంతలో బుడ్డోడు కుయ్యిమన్నాడు. పాలసీసా కోసం సంచంతా కలియబెట్టాడు మామ. అది తన చొక్కా జేబులోనే ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటారు కదా, ఇక్కడ చంకలో పిల్లాడు కూడా నిజంగానే ఉన్నాడు.

అక్క ఇంటికి మూడిళ్ల అవతల కొత్త ఇల్లు కడుతున్నారు. ఆ రోజు మేస్త్రీలెవరూ పనిలోకి రాలేదు. ఒకావిడ మాత్రం పైపు పట్టుకుని గోడలు తడుపుతోంది. ముందు పిడుగుకి మూడింతల ఎత్తున ఇసుక కుప్ప. కాళ్లకి మేకులు దిగినట్టు పిడుగు అక్కడే ఆగిపోయింది.

"పద, బాతులు ఎదురుచూస్తుంటాయి," అన్నాడు మామ.

"బాతులు రేపు కూడా ఉంటాయి మామా. ఇసుకైతే వీళ్లు గోడలో పెట్టేస్తారు."

సెలూన్‌లో ఏ వాదనలోనూ మామ ఇంతవరకు ఓడిపోలేదు. అక్కడ ఎదుటివాడి గొంతు మీద కత్తి ఉంటుంది కాబట్టి అది పెద్ద విశేషమేం కాదు. ఇక్కడ కత్తి లేదు. గోడలు తడిపే ఆవిడ వైపు చూశాడు.

"ఆడుకోనివ్వండి. రోడ్డు మీదికి చల్లకపోతే చాలు," అందావిడ.

దుప్పటి పరిచి, దాని మీద రెండో దుప్పటి పరిచి, దాని మీద బుడ్డోణ్ణి కూర్చోబెట్టాడు. బుడ్డోడు కాసేపు పెద్దమనిషిలా కూర్చున్నాడు. తర్వాత పక్కకి ఒరిగి, రెండు దుప్పట్లనీ దాటి, చెయ్యి తీసుకెళ్లి ఇసుకలో పెట్టాడు. మామ దొంగలా అటూ ఇటూ చూశాడు. ఇంటి వైపు మాత్రం చూడటం మర్చిపోయాడు.

పిల్లాడు గుప్పెడు ఇసుక పైకెత్తాడు. వేళ్ల మధ్యనుంచి జారిపోయింది. ఖాళీ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మళ్లీ తీశాడు. మళ్లీ జారింది. మూడోసారి జారకముందే నోట్లో పెట్టుకున్నాడు. మామ వేలు పెట్టి తీయబోతే, కొత్తగా వచ్చిన రెండు పళ్లతో కొరికాడు.

ఇంతలో పిడుగు తడి ఇసుక తెచ్చి పక్కన చేర్చింది.

"మామా, కూర్చో. నీకు గడ్డం గీస్తా."

"నాకు గడ్డం లేదే."

"తల కదపకూడదు. కదిపితే చెవి తెగుతుంది," అంది పిడుగు, అచ్చం మామ గొంతుతో.

రోజూ అందరికీ చెప్పే మాట తనకే తగిలేసరికి మామ కదలకుండా కూర్చున్నాడు. రెండు బుగ్గలకీ, మీసానికీ, ఒక కనుబొమ్మకీ తడి ఇసుక పట్టించింది. విరిగిన పెంకు ముక్కతో గీకడం మొదలెట్టింది. చక్కిలిగింత పుట్టి మామ తుమ్మాడు. మీసం ఇసుక ఎగిరిపోయింది.

అప్పుడు బుడ్డోడు నవ్వాడు. ఇంట్లో పెదవి పక్కకి లాగి నవ్వే నవ్వు కాదు. పొట్ట ఊగి, మెడ వెనక్కి వాలి, ఎక్కిళ్లొచ్చేంత నవ్వు. గోడలు తడిపే ఆవిడ కూడా పైపు పక్కకి తిప్పి చూసింది.

అక్కడ ఇంట్లో అక్కకి నిద్ర పట్టలేదు. నెలల తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దమే పెద్ద చప్పుడైంది. లేచి బాల్కనీలోకి వచ్చి, దూరంగా చెరువు రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నవ్వు మాత్రం కింద నుంచి వచ్చింది. వంగి చూసింది.

జుట్టు ముడి కూడా వేసుకోకుండా దిగి వచ్చింది. మామ ఆమెను చూసి లేవబోయాడు.

"తల కదపకూడదు," అంది పిడుగు.

"ఏరా, చెరువు ఇక్కడికే వచ్చేసిందా?" అంది అక్క. "మాటలు కోటలు దాటాయి. కాళ్లు మాత్రం మూడిళ్లు దాటలేదు."



బుడ్డోణ్ణి ఎత్తుకుని చేతులు దులిపింది, నోరు తుడిచింది, నుదురు తాకింది, వీపు మీద చెవి పెట్టి ఊపిరి విన్నది. ఎక్కడా ఏ తేడా లేదు. బుడ్డోడు మాత్రం ఇసుక వైపు విల్లులా వంగిపోయి గోల అందుకున్నాడు.

"వాడెప్పుడైనా అలా నవ్వాడా అక్కా?" మెల్లగా అడిగాడు తమ్ముడు.

అక్క బుడ్డోడి మొహంలోకి చూసింది. "నేను వినలేదు," అంది. "నేనుంటే వాడు నవ్వడేమోరా. ఎప్పుడూ భయంగా చూస్తుంటాగా."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నా మొహం చూసి నవ్వాడు. నీ మొహానికీ ఇసుక రాసుకో, అప్పుడు తెలుస్తుంది."

అక్క వంగి బుడ్డోణ్ణి దింపింది. దుప్పటి మీద కాదు, ఇసుకలోనే. తనూ పక్కన కూర్చుంది.

"అమ్మా, మామ తర్వాత నువ్వే. వరసలో ఉండు," అంది పిడుగు.

అమ్మ వరసలో ఉంది. వంతు వచ్చాక బుగ్గలకి ఇసుక పట్టించుకుంది. పెంకు ముక్క చెంప మీద మెత్తగా నడుస్తుంటే కళ్లు మూసుకుని, కుప్పకి ఆనుకుని, అలాగే నిద్రపోయింది. పుట్టి బుద్ధెరిగాక కత్తెర మామ అంతసేపు నోరు విప్పకుండా ఉండటం అదే మొదలు.

డ్యూటీ దిగి వచ్చిన బావ మలుపు దగ్గరే ఆగిపోయాడు. ఇసుకలో బుడ్డోణ్ణి కాళ్ల మధ్య పెట్టుకుని బావమరిది, ఇసుక మొహంతో నిద్రపోతున్న భార్య.

"దీనికేమైందిరా?" అన్నాడు గుసగుసగా.

"గడ్డం గీయించుకుంది," అన్నాడు మామ అంతకన్నా గుసగుసగా.

రెండు రోజుల దాకా ఇసుక దొరుకుతూనే ఉంది, పిడుగు చెవిలో, బుడ్డోడి మెడ ముడతల్లో, దిండు గలీబులో. అక్క ఫోన్ చేసి తమ్ముణ్ణి నోరారా తిట్టింది. తిట్లయ్యాక, పొద్దున్నే తనే పిల్లల్ని తీసుకుని కిందికి దిగానని చెప్పింది.

అప్పటికి కుప్ప సగం గోడల్లోకి వెళ్లిపోయిందట. పిడుగు మేస్త్రీలతో గట్టిగానే గొడవ పడిందట. గోడలు తడిపే ఆవిడ తట్టెడు ఇసుక తెచ్చి గేటు పక్కన నీడలో పోసి, "ఇది మీది, ఎవరూ ముట్టుకోరు," అందట.

"బుడ్డోడేం చేశాడు?" అడిగాడు తమ్ముడు.

"తిన్నాడు," అంది అక్క.