ముగ్గురం ఒకే పడవ ఎక్కం

నాకు నీళ్ళంటే భయం. ఈ మాట చెబితే మావాళ్ళు నవ్వుతారు. కోనసీమలో పుట్టి, పంటు మీద గోదావరి దాటి కాలేజీకి వెళ్ళినదానివి, నీకు నీళ్ళంటే భయమేమిటే సత్యకుమారీ అంటారు. దాటాను కాబట్టే భయం. రోజూ ఆ పంటు అంచున నిలబడి కింద సుడులు చూసినవాళ్ళకి తెలుస్తుంది. అవతలి ఒడ్డు చేరేదాకా నోట్లో తడి ఉండేది కాదు నాకు.

అలాంటి నన్ను పట్టుకుని మా ఆయన శ్యాంప్రసాద్ అలాస్కా తీసుకెళ్తానన్నాడు. ఆయన దుబాయ్‌లో జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌కి సూపర్‌వైజరు. వాళ్ళ ముదీర్, అంటే పెద్ద మేనేజరు, కుటుంబంతో సహా ఓడెక్కి మంచుకొండలు చూసొచ్చి, ఆ వీడియోలు ఆఫీసులో అందరికీ చూపించాడట. అప్పటినుంచి డేరా పేటలోని మా ఒంటిగది ఫ్లాటులో అన్నాలయ్యాక అవే వీడియోలు. మంచుకొండ అంచు విరిగి సముద్రంలో పడుతుంది, తిమింగలం తోకెత్తి మునుగుతుంది, ఒడ్డున ఎలుగుబంటి చేపలు పడుతుంది. మా జోషితకి ఏడేళ్ళు. తండ్రి ఒళ్ళో కూర్చుని నోరు తెరుచుకుని చూసేది. "మనమెప్పుడు నాన్నా?" అంటే "వచ్చే ఏడు" అనేవాడు. ఏ ఏడు అడిగినా ఆ జవాబే.

ఆఖరికి మొన్న డిసెంబరులో, ఇక్కడి నేషనల్ డే సెలవులకి టికెట్లు తీశాడు. అలాస్కాకి కాదు, ఈ దేశంలోనే తూర్పు తీరాన ఉన్న ఖోర్‌ఫక్కాన్‌కి. చెక్క పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్ళి, డాల్ఫిన్లనీ తాబేళ్ళనీ చూపించి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, చీకటిపడే వేళకి తిరిగి దింపుతారు. దానికీ క్రూజనే పేరు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ముగ్గురు కలిసి బయల్దేరకూడదు. మా అమ్మా అదే అనేది, మా అత్తగారు అచ్చాయమ్మా అదే అంటుంది. ముగ్గురు వెళ్ళాల్సొస్తే నాలుగో మనిషిని తోడు పిలుస్తారు, దొరక్కపోతే ఒకరు ముందెళ్ళి వీధి చివర నిలబడతారు. మేమేమో సరిగ్గా ముగ్గురం. అందుకని దుబాయ్ వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన లిఫ్టులో ముందు దిగిపోతాడు, నేనూ పాపా వెనక దిగుతాం. టాక్సీలో అయితే డ్రైవర్ని లెక్కలో వేసుకుంటాను. ఆయన ఎగతాళి చేస్తాడు గానీ మాట దాటడు.

ఆ ఉదయం అత్తగారు ఫోన్ చేసి మరీ గుర్తుచేసింది. "నీళ్ళ మీదకెళ్తున్నారు. ముగ్గురూ ఒక్కసారే కాలెట్టకండమ్మా. ఆడికి నువ్వే చెప్పు, ఆడు నా మాట ఇనడు."

"అలాగేనండీ అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ చెప్పకపోయినా నేను చేసేదే. రేవులో ఆయన ముందెక్కాడు, పాపని పట్టుకుని నేను తర్వాత ఎక్కాను.

పడవ పెద్దదే. పైన ఒక అంతస్తు, కింద ఒక అంతస్తు, రకరకాల దేశాల కుటుంబాలు. రేవు దాటాక కొండలు దగ్గరయ్యాయి. గడ్డిపరక కూడా లేని గోధుమరంగు కొండలు, నిట్టనిలువుగా సముద్రంలోకి దిగి ఉన్నాయి. మా ఆయన చిన్నపిల్లాడైపోయాడు. "చూశావా సత్యా, అచ్చం అలాస్కానే" అన్నాడు.

అప్పటికే నా కడుపులో తిప్పుతోంది. ఊరుకుని ఉంటే పోయేది. నా నోరు ఊరుకోదు కదా. "మంచుకొండలన్నారు, రాళ్ళకొండలు చూపిస్తున్నారు. ముందే మనిషిని పంపి పైన కాస్త సున్నం కొట్టించాల్సిందండీ" అన్నాను. పక్కన ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళు పగలబడి నవ్వారు. మా ఆయన మొహం మాడిపోయింది.

"నీకు చూపించాలనుకోవడం నాదే బుద్ధితక్కువ. నీ మొహానికి డేరా సందులే ఎక్కువ" అన్నాడు.

"ఆ సందుల్లోనే కదా పెట్టారు ఇన్నేళ్ళూ" అన్నాను.

అంతే, మాటలు ఆగిపోయాయి. మా ఇంట్లో దెబ్బలాటంటే అరుపులుండవు. మాటలే ఉండవు. చెప్పాల్సిందేదైనా ఉంటే జోషిత చేత చెప్పిస్తాం. "నాన్నని నీళ్ళ బాటిలిమ్మను." "అమ్మని బ్యాగులో చూసుకోమను." పాపం, పిల్ల అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు బిర్యానీ కూడా అలాగే తిన్నాం, చెరో బల్ల దగ్గర. పాప ఇక్కడ రెండు ముద్దలూ అక్కడ రెండు ముద్దలూ తింది.

భోజనాలయ్యాక పడవని ఒక మలుపులో ఆపారు. రెండు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు ఉంది. పెద్ద పడవ అక్కడిదాకా పోలేదు, అందుకని మోటారు బిగించిన చిన్న పడవలో కొద్దికొద్దిమందిని దింపుతున్నారు. దాన్ని నడిపేది అబ్దుల్ రహీం అనే అతను. మా తెలుగు విని మొహం విప్పారింది. "మీది ఆంధ్రానా అక్కా? మాది బోధన్ దిక్కు" అన్నాడు. ఇక్కడా మా ఆయన ముందు దిగాడు, మేం తర్వాత వెళ్ళాం. అబ్దుల్ రహీం జోషితని రెండు చేతులా ఎత్తి పొడి ఇసుక మీద దింపాడు. "గదిగో తాబేలు, తల లేపింది సూడు బిడ్డా" అని నీళ్ళలోకి చూపించాడు. పాప అక్కడే ఉండిపోయింది. నేను ఒక రాయికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి పొద్దు కొండ వెనక్కి దిగిపోయి ఒడ్డంతా నీడ కమ్మింది. గాలి లేచింది. పెద్ద పడవ నుంచి హారన్ మోగింది. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు. జనం చిన్న పడవ కోసం వరసకట్టారు. మా ఆయన ముందు నిలబడ్డాడు, మా వైపు చూడనైనా చూడకుండా. ఎప్పటిలాగే ఆయన ముందు, మేం వెనక. నాకు ఒళ్ళుమండింది. ప్రతిసారీ పిల్ల నా కొంగుకేనా? ఈ కడుపులో తిప్పుడుతో నేనేం చూసుకోను? "పో, నాన్న దగ్గరికి పో. నాన్నతో ఎక్కు" అన్నాను జోషితతో. నారింజరంగు లైఫ్ జాకెట్ ఊపుకుంటూ అటు పరిగెత్తింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆఖరి దఫాలో నేనెక్కాను. అబ్దుల్ రహీం తాడు పట్టుకుని అడిగాడు. "అక్కా, మీ ఇంటోళ్ళందరు పోయిన్రా? పాపేది?"

"వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయింది" అన్నాను.

అతను సరేనని తాడు విప్పేశాడు.

పెద్ద పడవలో కింది అంతస్తులో ఒక మూల పడుకున్నాను. ఆయన పైన ఉన్నాడని తెలుసు. నేను పైకి పోకూడదని పంతం. పడవ కదిలింది. చాలాసేపు అలాగే పోయాం. ఒక్కసారిగా పైనుంచి కేకలు, చప్పట్లు. డాల్ఫిన్లు. కింద ఉన్నవాళ్ళందరూ మెట్లమీదికి పరిగెత్తారు. కిటికీలోంచి చూస్తే నల్లటి వీపులు జతలుజతలుగా నీళ్ళు చీల్చుకుని లేస్తున్నాయి. జోషిత ఎంత గెంతుతోందో కదా అనుకున్నాను. కోపం దానంతటదే జారిపోయింది. దాని మొహం చూడాలనిపించి, కమ్మీలు పట్టుకుంటూ పైకి వెళ్ళాను.

మా ఆయన అంచున నిలబడి ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఒక్కడే ఉన్నాడు.

"పాపేదండీ?"

ఫోన్ దించకుండానే అన్నాడు. "కింద నీ దగ్గర లేదూ?"

నేను ఆయన రెక్క పట్టుకుని ఇటు తిప్పాను. నా మొహం చూశాడు. ఫోన్ చేతిలోంచి జారి చెక్కల మీద పడింది.

తర్వాత ఏం చేశామో సరిగ్గా గుర్తులేదు. బల్లల కింద వెతికాం, బాత్రూం తలుపులు బాదాం, వంటచేసే చోట గిన్నెల వెనక కూడా చూశాను. ఎవరో అరుస్తున్నారు జోషితా జోషితా అని. అది నా గొంతేనని కాసేపటికి తెలిసింది. అబ్దుల్ రహీం ఎదురొచ్చాడు. అతని మొహంలో నెత్తురు లేదు. "అక్కా, నాయనతోని పోయిందని నువ్వే అంటివి గదా" అన్నాడు.

అవును. ఆ మాట నేనే అన్నాను. చూసినట్టే అన్నాను.

కెప్టెన్ పడవ తిప్పేశాడు. రేడియోలో అరబ్బీలో గబగబా ఏదో చెప్పి, అబ్దుల్ రహీంతో హిందీలో అన్నాడు. "పానీ చఢ్ రహా హై. ఛోటీ బోట్ లేకే జావ్, జల్దీ."

"నీళ్ళెక్కుతున్నయంట అక్కా. పెద్ద పడవ నెమ్మది, నేను ముంగట పోత" అన్నాడతను. తాడు విప్పుతూ, నన్ను చూడకుండా చెప్పాడు. "నీళ్ళెక్కితే ఆ ఇసుక ఉండది."

చిన్న పడవలోకి మా ఆయన దూకాడు. వెనకే నేనూ దిగాను. నీళ్ళంటే భయపడే మనిషిని, అల మీద ఎగురుతున్న ఆ పడవలోకి ఎలా దిగానో నాకే తెలియదు. కొండల నీడ సముద్రం మీద చాలా దూరం పరుచుకుంది. ప్రతి అలకీ పడవ గాల్లోకి లేచి దబ్బున పడుతోంది. నీళ్ళు మొహాన కొడుతున్నాయి. "నీ దగ్గరుందనుకున్నాను సత్యా" అంటున్నాడాయన. "మీ దగ్గరుందనుకున్నానండీ" అంటున్నాను నేను.

సగం దారిలో గమనించాను. అబ్దుల్ రహీంతో కలిపి పడవలో మేం ముగ్గురం. దూకేద్దామా అని కూడా అనిపించింది, నడిసముద్రంలో. నేను దిగిపోతే ఇద్దరవుతారు, పిల్ల దక్కుతుందేమో అని. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ క్షణాన నాకు బుద్ధీ లేదు, జ్ఞానమూ లేదు. గోదారమ్మా, గోదారమ్మా అని గొణుక్కుంటూ బల్లచెక్క పట్టుకుని కూర్చున్నాను. ఆవిడకి ఈ సముద్రం మీద చెల్లుబాటు ఉందో లేదో కూడా ఆలోచించలేదు.

మలుపు తిరిగాం. ఇసుక లేదు. నేను ఆనుకుని కూర్చున్న రాయి సగం మునిగి ఉంది. నీళ్ళు కొండ పాదానికి కొట్టుకుని నురగలు కక్కుతున్నాయి. ఆ నురగల్లో నారింజరంగు కనిపించింది.

మా ఆయనకి ఈత రాదు. అయినా దూకేశాడు. మెడదాకా నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి ఆ జాకెట్ పట్టుకున్నాడు. పైకెత్తాడు. పట్టీలు వేలాడుతున్నాయి. లోపల ఏమీ లేదు. ఆయన దాన్ని తిప్పితిప్పి చూస్తున్నాడు, ఎక్కడో ఒకచోట పిల్ల ఉంటుందన్నట్టు. నేను అరవాలని నోరు తెరిచాను. గాలి కూడా రాలేదు.

అబ్దుల్ రహీం మోటారు ఆపేశాడు. "జర సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాడు.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండ మొత్తం నల్లగా ఉంది. అతను దాన్ని కిందనుంచి పైకి, నెమ్మదిగా చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి లేచింది.

నీళ్ళకి రెండు నిలువుల పైన, బండ మీద గట్టులాంటి చోట, మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది జోషిత. మమ్మల్నే చూస్తోంది. మేం వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. వాళ్ళ నాన్న నీళ్ళలో పడి లేవడం చూసింది, నేను ఏడవలేక నోరు తెరవడం చూసింది. పిలవలేదు.

"జోషితా" అన్నాను. అప్పుడొచ్చింది గొంతు. "ఎందుకే పిలవలేదు?"

"ఎవర్ని పిలవాలి?" అంది.

పొగరుగా అనలేదు. తెలియక అడిగింది. చలికి దాని పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నువ్వు నాన్నతో ఎక్కమన్నావు. నాన్నేమో ముగ్గురం ఎక్కకూడదు, అమ్మతో రా అన్నాడు. మళ్ళీ నీ దగ్గరికొస్తే నువ్వు అటు తిరిగున్నావు. కోపంగా ఉన్నావు. అందుకని ఈ బండ వెనక కూచున్నాను, నీళ్ళొస్తుంటే జాకెట్ విప్పేసి పైకెక్కాను. నాన్న పడవ వెళ్ళిపోయింది, నీ పడవా వెళ్ళిపోయింది."

మా ఆయన నీళ్ళలో ఆ బండ పట్టుకుని నిలబడి చేతులు చాపాడు. "దా తల్లీ, దూకు. నేను పట్టుకుంటా." పడవ అంచు మీదికి వంగి నేనూ చాపాను. "అమ్మ దగ్గరికి దా నాన్నా." ఇద్దరి చేతులూ గాల్లో ఉన్నాయి. జోషిత ఆయన్ని చూసింది, నన్ను చూసింది. కదల్లేదు. చీకటి పడుతోంది, అలలు పెరుగుతున్నాయి. అది అలాగే కూర్చుంటుందేమో, మా ఇద్దరి మీదా నమ్మకం లేక ఆ రాతి మీదే ఉండిపోతుందేమో అని నాకు కొత్త భయం పట్టుకుంది.

అబ్దుల్ రహీం పడవని బండకి ఆనించి తాడు విసిరి కట్టాడు. ఎవరినీ అడగలేదు. చేతులతో పట్టు దొరకబుచ్చుకుంటూ పైకెక్కి, "రా బిడ్డా, పోదం" అన్నాడు. జోషిత లేచి అతని మెడ కావలించుకుంది. గంటసేపు కూడా పరిచయం లేని మనిషి మెడ.

తిరిగొస్తుంటే అతను ఒక చేత్తో మోటారు నడుపుతున్నాడు. పాప అతని పక్కన కూర్చుని చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుంది. మేమిద్దరం ఎదురుగా, నిలువెల్లా తడిసి, ఒకే చెక్క మీద ఉన్నాం. "అమ్మ దగ్గరికి పోతవా, నాయన దగ్గరికి పోతవా?" అని అతను నెమ్మదిగా అడిగాడు. జోషిత తల అడ్డంగా ఊపి, ఆ చొక్కా ఇంకా గట్టిగా పట్టుకుంది.

"జర సేపు ఉండనియ్యి అక్కా" అన్నాడతను, మా వైపు చూడకుండా.

పిల్ల దొరికింది. చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. అయినా చెయ్యి చాపడానికి భయమేసింది నాకు.