నాచు గీకిన వారం

ఆ వీధిలో ఇళ్ల మెట్లు ఊడ్చడానికి వంతులున్నట్టే, అక్కడి జపాన్ పద్ధతి తోట ఊడ్చడానికీ వంతులున్నాయి. లేకపోతే తోటే ఉండేది కాదు. కిందటేడు నగర ఉద్యానశాఖ వాళ్లు వచ్చి, తోటమాలిని పెట్టే స్తోమతు లేదు, గేటుకి తాళం వేస్తాం, పండగలకి మాత్రం తీస్తాం అన్నారు. ట్రాములు నడిపి రిటైరైన హెడ్విగ్ ష్ట్రోబెల్ గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుంది. "వేస్తే నన్ను లోపల పెట్టి వెయ్యండి తాళం!" అంది. వీధి వీధంతా ఆమె వెనక చేరింది. చివరికి ఏడాది గడువిచ్చారు. మీరే చూసుకోండి, వచ్చి చూస్తాం, బాగుంటే గేటు తెరిచే ఉంటుంది అన్నారు. ఆ చూసే రోజు శుక్రవారం. ఆ వారం వంతు హెడ్విగ్‌ది.

గుట్ట మీద ఇళ్లూ సొంత తోటలూ ఉన్న వాళ్లకి ఈ గేటు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. హెడ్విగ్‌కి అలా కాదు. ఆమె ఇంటికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ ఎదురింటి గోడ మీదికి. పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తోటలో ఉన్న చెరువు పక్కన కూచోకపోతే ఆమెకి తెల్లారినట్టే ఉండదు.

అందుకే గురువారం బకెట్టు వేణ్ణీళ్లు, ఇనప బ్రష్షు పట్టుకుని చెరువు పక్కనున్న రాతి దీపస్తంభం మీద పడింది. దాని నెత్తి నుంచి పాదం దాకా పచ్చటి నాచు. భుజాలు నొప్పెట్టేదాకా తోమింది. రాయి తెల్లగా బయటపడింది. అలసటగా ఉన్నా మనసు నిండిపోయింది.

అప్పుడొచ్చాడు ఎగోన్. ఆమె ఇంటి కింది వాటాలో ఉండే ముసలి మంగలి. తన వంతు వస్తే మంచం దిగని రకం.

"ఓసి నీ దుంపతెగా! ఏం చేశావే హెడ్విగ్?"

"నీ జన్మలో చూడని పని. శుభ్రం అంటారు దీన్ని."

"నాచంతా గీకేశావు!"

"మరి పెంచుకోమంటావా? మా అమ్మ చూసుంటే చెంప పగలగొట్టేది."

"దాన్ని పెంచుకోవడానికే ఆ రాయి పెట్టారే పిచ్చిదానా! ఎన్నో ఏళ్లకి గాని పట్టదు అది. నాచు పోయాక ఇంకేం మిగిలింది, సమాధి రాయి."

"నీకెవడు చెప్పాడు?"

"గేటు పక్క బోర్డు మీదే ఉంది. చీపురు పట్టని వాడికి చదువుకోడానికి తీరుబడి ఉంటుంది మరి."

హెడ్విగ్ వెళ్లి చదివింది. నిజమే. వచ్చి గట్టు మీద కూలబడింది.

ఎగోన్ స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇన్ని బుర్రలు గీశాను. ఇంత నున్నటి గుండు నా చేతుల్లో ఒక్కటీ రాలేదు," అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి పక్కన కూచున్నాడు. "రేపు నోరు మూసుకుని ఉండు. చూడ్డానికొచ్చేవాడికేం తెలుస్తుంది?"

శుక్రవారం ఉద్యానశాఖ అధికారి హెర్ క్నోబ్లోఖ్ వచ్చాడు. దంతెతో అలల్లా గీతలు గీసిన కంకర చూశాడు, చెరువు చూశాడు, దీపస్తంభం దగ్గర ఆగిపోయాడు. దాని మీద వేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. "పనంటే ఇదీ! ఒక్క మచ్చ లేదు. గేటు గురించి ఇక బెంగ పెట్టుకోకండి ఫ్రావ్ ష్ట్రోబెల్, తెరిచే ఉంటుంది. ఒక్కటే మాట. ఆ దారిలో అడుగులేసే రాళ్లు, వంతెన కింద బండలు కూడా పచ్చపచ్చగా అసహ్యంగా ఉన్నాయి. సోమవారం జోరుగా నీళ్లు చిమ్మే యంత్రం పంపిస్తాను, అన్నీ ఇలాగే చేయిద్దాం."

ఎగోన్ ఆమె మోచెయ్యి గిల్లాడు. ఊరుకుంటే గేటు దక్కుతుంది. కానీ ఆ గేటు లోపల మిగిలేదేమిటి?

"వద్దు," అంది హెడ్విగ్. "నేను చేసింది తప్పు. నాచే ఈ తోటకి ప్రాణమట. నేను దాన్ని చంపాను. మీరు మిగతాది చంపకండి."

ఆయన మొహం ముడుచుకుంది. "అంటే తోట చూసుకోవడం మీకు చేతకాదనేగా?"

ఎగోన్ కళ్లు మూసుకున్నాడు.

"చేతకాదు. మీకూ చేతకాదు, ఇందాక పొగిడారుగా! నాకు నిన్న తెలిసింది, మీకు ఇవాళ తెలిసింది. తాళానికి ఎప్పుడు తెలుస్తుందండీ? పొండి, ఆ బోర్డు చదివి రండి."

ఆయన విసవిసా వెళ్లాడు. చాలాసేపు బోర్డు ముందే నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"మా అమ్మా రాళ్లు తోమేది," అన్నాడు నెమ్మదిగా.

"అందరి అమ్మలూ తోమేవాళ్లే," అంది హెడ్విగ్.

"మళ్లీ పట్టేదాకా ఎవరు చూస్తారు? ఏళ్లు పడుతుందట."

"నేను చూస్తాను. నేనెక్కడికి పోతాను?"

ఆయన గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "యంత్రం పంపను. గేటు తెరిచే ఉంచండి," అని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున హెడ్విగ్ పాత పెయింటు కుంచెతో దీపస్తంభానికి పుల్లమజ్జిగ పూస్తోంది. దాంతో నాచు తొందరగా పడుతుందని ఎగోన్ ఎక్కడో విన్నాడు. విన్నాడే గాని కుంచె మాత్రం ముట్టుకోలేదు, బల్ల మీద కూచుని దారి చూపిస్తున్నాడు. "ఎడమ పక్క వదిలేశావు. ఆ చెవి వెనక కూడా."

వీధిలో పోతున్నావిడ ఒకరు గేటులోంచి తొంగి చూసింది. "ఫ్రావ్ ష్ట్రోబెల్! ఊడ్చాల్సిన వంతులో రాతికి మజ్జిగ పూస్తారా? మతిగాని పోయిందా?"

"లోపలికి రండి, మీకూ ఓ కుంచె ఇస్తాను," అంది హెడ్విగ్.

ఆవిడ గొణుక్కుంటూనే లోపలికొచ్చింది. స్తంభం నెత్తికి పూయడం అయ్యాక సీసా అడుగున కాస్త మజ్జిగ మిగిలింది. హెడ్విగ్ అది గటగటా తాగేసింది.